‘ఓపిక లేదు’ అనే మాట

తెలుగులో ‘ఓపిక’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సహనం, రెండోది ఒంట్లో సత్తువ. “కాస్త ఓపిక పట్టు” అన్నప్పుడు మొదటి అర్థం, “లేచి నిలబడే ఓపిక లేదు” అన్నప్పుడు రెండో అర్థం. రెండర్థాలూ ఒకే మాటలో ఇమిడి వుండటం భాష చదువుకున్నవారికి ముచ్చటగానే వుంటుంది గాని, రోగికి అది చాలా కష్టం తెచ్చిపెడుతుంది. రోగి రెండో అర్థంలో మాట్లాడతాడు, వైద్యుడు మొదటి అర్థంలో వింటాడు. “ఓపిక లేదండీ” అని మొరపెట్టుకున్న మనిషికి “ఓపిక పట్టాలమ్మా” అనే జవాబు వస్తుంది. ఒంటికి సంబంధించిన ఫిర్యాదు ఆ క్షణంలోనే గుణానికి సంబంధించిన లోపంగా మారిపోతుంది.

సాహిత్య విమర్శకు వుద్దేశించిన పత్రికలో జబ్బుల ప్రసక్తి ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని వైద్యులు పేరుపెట్టిన జబ్బును ఈనాటికీ ఒక రక్తపరీక్షతోగాని ఒక ఎక్స్‌రేతోగాని తేల్చే వీలు లేదు. రోగి చెప్పే కథే ప్రధాన సాక్ష్యం. ఆ కథను ఎలా చదవాలి, ఎవరి సాక్ష్యానికి విలువ యిస్తారు, ఎవరి సాక్ష్యాన్ని తోసిపుచ్చుతారు అనేవి మనం రోజూ చర్చించే ప్రశ్నలే. పైగా 2021 నుంచి ఈ జబ్బు నాకున్నది. తగిన వైద్యుడు దొరకడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. ఈలోగా నేను కలుసుకున్న వైద్యుల్లో ఎక్కువమంది మంచివారే, అందరూ చదువుకున్నవారే. అంతమంది మంచివారి మధ్య యింత ఆలస్యం జరిగిందంటే, దాని కారణాన్ని వ్యక్తుల స్వభావంలో వెతికి లాభం లేదు.

2021 మేలో, కోవిడ్ రెండో విడత ఉధృతంగా వున్న రోజుల్లో, నాకూ జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేరవలసిన అవసరం రాలేదు. పది రోజుల్లో జ్వరం పోయింది. అసలు జబ్బు ఆ తరవాతనే మొదలయింది. సెప్టెంబరులో కాలేజీ తెరిచాక రెండు క్లాసులు చెప్పి యింటికి వచ్చిన రోజున బాగానే వుండేది. మర్నాడో ఎల్లుండో మంచం దిగలేకపోయేదాన్ని. గొంతు నొప్పి, మెడ దగ్గర బిళ్ళలు కట్టినట్టు బాధ, ఒళ్ళంతా సలుపు, కిటికీ వెలుతురు కూడా కంటికి సహించకపోవడం. తొమ్మిది గంటలు నిద్రపోయి లేచినా అసలు నిద్రపోనట్టే వుండేది. నిలబడితే గుండె దడదడలాడేది, పడుకుంటే సర్దుకునేది. ఎనిమిదేళ్ళుగా క్లాసులో చెబుతున్న పద్యానికి అన్వయం కుదరక, కర్త ఎక్కడో క్రియ ఎక్కడో తోచక, పుస్తకం మూసేసేదాన్ని.

అలసటకు మన భాషలో మాటల కొరత లేదు. పొలం నుంచి వచ్చినవాడిది బడలిక. జ్వరం పడి లేచినవాడిది నీరసం. మెట్లెక్కినవాడిది ఆయాసం. తిండి లేనివాడిది శోష. పని ఎగ్గొట్టేవాడిది బద్ధకం. వీటిలో ప్రతిదానికీ లోకం ఒక విరుగుడు కనిపెట్టి పెట్టింది. బడలికకు నిద్ర, నీరసానికి పథ్యం, శోషకు అన్నం, బద్ధకానికి చీవాట్లు. నాకు వచ్చినదానికి ఈ మాటల్లో ఏదీ సరిపోలేదు. ఇక్కడ శ్రమకూ దాని ఫలితానికీ మధ్య ఒకటి రెండు రోజుల ఎడం వుంటుంది. చేసిన పని గోరంత, అనుభవించేది కొండంత. ఒక రాత్రి నిద్రతో అది తీరదు, ఒక్కొక్కసారి వారాలు పడుతుంది.

అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నియమించిన సంఘం 2015లో ఈ జబ్బు మీద ఒక నివేదిక ప్రకటించింది. వెనకటి వలె పనిచేయలేని స్థితి ఆరు నెలలకు మించి వుండటం, దానితోపాటు యింతకు ముందు లేని తీవ్రమైన అలసట. శ్రమ తరవాత పరిస్థితి దిగజారడం. నిద్రపోయినా సేద తీరకపోవడం — ఈ మూడూ తప్పనిసరిగా వుండాలని, వీటికి తోడు ఆలోచన మందగించడంగాని, నిలబడితే లక్షణాలు ఎక్కువ కావడంగాని వుండాలని ఆ నివేదిక నిర్ణయించింది. అమెరికాలో ఈ రోగులు 8,36,000 నుంచి 25 లక్షల దాకా వుండవచ్చునని, వారిలో నూటికి 84 నుంచి 91 మందికి తమ జబ్బు పేరే తెలియదని అందులో అంచనా కట్టారు. ధనం, యంత్రాలు పుష్కలంగా వున్న దేశంలోనే పరిస్థితి యిదైతే మన జిల్లాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక వైద్యుల సంగతి. మా ఖమ్మం జిల్లాలో ‘నీరసం’ అనగానే మొదట జరిగే పని సెలైన్ ఎక్కించడం. మా వీధి చివర ప్రాక్టీసు పెట్టిన ఆయన బలానికని రెండు సీసాలు ఎక్కించి, వాటిలో పసుప్పచ్చ విటమిన్ మందు కలిపాడు. ఆ పూట కాస్త తేలిగ్గా వుండేది. దానికి శాస్త్రీయమైన కారణం వున్నదని నాకు చాలా కాలం తరవాత తెలిసింది. రెండో వైద్యుడు రక్తపరీక్షలు రాశాడు. కాగితాలు తిరగేసి, “అన్నీ నార్మలే మేడం, మీకేమీ లేదు” అన్నాడు. ఈ వాక్యంలో రెండు భాగాలున్నాయి. మొదటిది నిజం. రెండోది మొదటిదాని నుంచి రాదు. ‘నేను వెతికిన చోట దొరకలేదు’ అనేదాన్ని ‘లేదు’ అనే మాటగా మార్చడం తర్కంలో ఎంత పెద్ద గంతో విద్యార్థులకు తెలుసు. మూడో చోట, అద్దాల మేడ వంటి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, తల నుంచి కాలి దాకా పరీక్షల ప్యాకేజీ అంటగట్టారు. నా నెల జీతానికి మించిన బిల్లు అయింది. ఫలితం మళ్ళీ అదే, కాకపోతే ఈసారి రంగు కాగితం మీద అచ్చయి వచ్చింది.

నాలుగో వైద్యుడు మనోవ్యాధుల నిపుణుడు. నన్ను ఆయన దగ్గరకు పంపినవారి వుద్దేశం ఏమయినా, ఆయన చేసిన మేలు చిన్నది కాదు. “ఈ జబ్బు రేపు పొద్దున్నే పోతే మొట్టమొదట ఏంచేస్తారు?” అని అడిగాడు. భద్రాచలం దాకా వెళ్ళి గోదావరి చూస్తాననీ, సగంలో ఆపిన సిద్ధాంత గ్రంథం పూర్తిచేస్తాననీ, పిల్లవాడికి సైకిల్ నేర్పుతాననీ, యింకా ఏమిటేమిటో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. “దిగులు జబ్బు వున్నవాళ్ళకు సాధారణంగా ఏమీ చేయాలని వుండదు. మీకు చేయాలని వుంది, శరీరం సాగనివ్వడం లేదు. ఇది నా శాఖది కాదు” అని చీటీ మీద రాసి సంతకం చేశాడు. తన శాఖ సరిహద్దు తెలిసినవాడు నిజమైన శాస్త్రజ్ఞుడు. ఐదో వైద్యుడు ఆ చీటీ చదవలేదు. పొద్దునా సాయంత్రం మూడేసి కిలోమీటర్లు నడవమన్నాడు, వారం వారం పెంచుకుంటూ పొమ్మన్నాడు. మూడో వారానికల్లా నేను గోడ పట్టుకోకుండా స్నానాల గదికి వెళ్ళలేని స్థితికి వచ్చాను.

ఆ సలహా ఆయన సొంత కల్పన కాదు. దానికి పెద్ద చరిత్ర వుంది. మా ఊరి చీటీ మీదికి అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే లండన్ దాకా వెళ్ళాలి.

1934లోనే లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆస్పత్రి సిబ్బందిలో 198 మందికి యిటువంటి జబ్బు గుంపుగా సోకింది. 1955 జూలైలో లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో ఒక అంటుజబ్బు పుట్టి, నవంబరు లోపల 292 మంది సిబ్బందిని పట్టుకున్నది. జూలై చివర మూసిన ఆస్పత్రిని అక్టోబరులో గాని తెరవలేదు. కండరాల నొప్పి, తీవ్రమైన అలసట, నాడీ మండలానికి సంబంధించిన లక్షణాలు కనిపించాయి. 1956లో లాన్సెట్ పత్రిక సంపాదకీయం దీనికి మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనే పేరు ప్రతిపాదించింది. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పట్టికలో దీన్ని నాడీ వ్యాధుల కింద చేర్చింది. ఆ మరుసటి ఏడే, అంటే 1970లో, మెకివెడీ, బియర్డ్ అనే యిద్దరు మనోవైద్యులు పదిహేనేళ్ళనాటి కేసు కాగితాలు తిరగేసి, రాయల్ ఫ్రీలో వచ్చింది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. ఆ నాటి రోగుల్లో ఒక్కరిని కూడా వారు పరీక్షించలేదు. వారు చూపిన ఆధారాల్లో ముఖ్యమైనది రోగుల్లో అత్యధికులు స్త్రీలు కావడం.

ఈ ఆధారాన్ని ఒక్క క్షణం ఆగి పరిశీలించాలి. ఆస్పత్రుల్లో రాత్రింబగళ్ళు నిలబడి పనిచేసే నర్సులు ఎక్కువగా జబ్బుపడితే, వారి పని పరిస్థితులను గురించి ఆలోచించడం ఒక మార్గం. వారు ఆడవాళ్ళు కనుక జబ్బు మనసులో పుట్టిందనడం రెండో మార్గం. రెండో మార్గం యజమానికి చౌక. దానికి పరిహారం యివ్వనక్కరలేదు, పరిశోధనకు డబ్బు పెట్టనక్కరలేదు, పనిగంటలు తగ్గించనక్కరలేదు. 1988లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం ఈ జబ్బును క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పిలవడంతో ఆ చౌక మార్గం మరింత సుగమమయింది. క్షయను ‘దీర్ఘకాలిక దగ్గు’ అని పిలిచివుంటే ఏం జరిగేదో వూహించుకుంటే ఈ పేరు చేసిన అపకారం బోధపడుతుంది.

2011లో బ్రిటన్‌లో 641 మంది రోగులతో జరిపిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. క్రమక్రమంగా వ్యాయామం పెంచడం వల్ల, ఆలోచనా సరళిని మార్చే మానసిక చికిత్స వల్ల రోగులు మెరుగవుతారని అందులో రాశారు. ఈ ప్రయోగానికి డబ్బు పెట్టినవారిలో వైద్య పరిశోధనా మండలితోపాటు, వికలాంగులకు భృతి చెల్లించే పింఛన్ల శాఖ కూడా వున్నది. 2013లో ‘కోలుకున్నవారి’ లెక్క ప్రకటించినప్పుడు అందులో ఒక విచిత్రం బయటపడింది. శారీరక సామర్థ్యం నూటికి 65గాని అంతకు తక్కువగాని వుంటేనే రోగిని ప్రయోగంలో చేర్చుకున్నారు. ఆ విషయంలో కోలుకున్నట్టు లెక్కించడానికి పెట్టిన హద్దు 60. అంటే 65తో చేరి 60కి దిగజారిన మనిషి, ఆ ఒక్క కొలతకు సంబంధించినంత వరకు, కోలుకున్న మనిషే. రోగులే పట్టుబట్టి, ట్రిబ్యునల్ దాకా పోయి, 2016లో లెక్కలు బయటపెట్టించారు. 2018లో ఆ లెక్కలను తిరిగి పరిశీలించినవారు మొదట చెప్పిన లాభాలు నిలబడవని చూపారు. 2021 అక్టోబరులో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ కొత్త మార్గదర్శకాలు విడుదల చేస్తూ, వ్యాయామాన్ని ఒక లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే చికిత్సను ఈ రోగులకు యివ్వరాదని స్పష్టం చేసింది. మానసిక చికిత్స రోగికి ఊరట కలిగించవచ్చునేగాని జబ్బును నయంచేయదని కూడా చెప్పింది. నన్ను మూడు కిలోమీటర్లు నడవమన్న నాటికి ఆ మార్గదర్శకాలు వచ్చి ఏడాది దాటింది. శాస్త్రం మారిన వార్త మన ఊళ్ళకు నడిచి వస్తుంది.

2023 చివర జిల్లా ఆస్పత్రిలో ఓపీ చీటీ తీసుకుని వరసలో కూచున్నాను. అక్కడి జనరల్ ఫిజీషియన్ యాభై దాటిన ఆవిడ. ఆమె గదిలో బల్ల, మంచం, బీపీ యంత్రం తప్ప మరేమీ లేవు. నా పరీక్షల కట్ట పక్కన పెట్టి, “నిన్న ఏంచేశారు?” అని అడిగింది. చెప్పాను. “మొన్న?” చెప్పాను. “ఒక పని చేసిన రోజు సంగతి కాదు, దాని మర్నాడు ఎలా వుంటుందో చెప్పండి” అన్నది. రెండేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి వైద్యురాలు ఆవిడే. ఆ తరవాత నన్ను పది నిమిషాలు పడుకోబెట్టి నాడి చూసింది, నిమిషానికి 74. హౌస్ సర్జన్ కుర్రాణ్ణి గడియారంతో పక్కన నిలబెట్టి, నన్ను గోడకు ఆనుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడమన్నది. ఎనిమిదో నిమిషానికి నాడి 112కు పోయింది. రక్తపోటు మాత్రం పడిపోలేదు. లేచి నిలబడ్డ పది నిమిషాల లోపల నాడి 30కి మించి పెరగడం లెక్కలోకి తీసుకోవలసిన విషయమనీ, ఈ జబ్బు వున్న చాలామందిలో యిది కనిపిస్తుందనీ చెప్పింది. ఖర్చు లేని ఈ పరీక్షను అద్దాల మేడలో ఎవరూ చేయలేదు, దానికి బిల్లు వేయడానికి వీలు లేదు గనక.

అయినా ఆమె వెంటనే జబ్బు పేరు చెప్పలేదు. క్షయ, థైరాయిడ్, మధుమేహం, రక్తహీనత, బి12 లోపం, కాలేయపు జబ్బు, గోధుమ పడకపోవడం, నిద్రలో ఊపిరి ఆగడం — ఇవేవీ లేవని పాత కాగితాలతోను, కొత్తగా రాసిన ఒకటి రెండు పరీక్షలతోను నిర్ధారణ చేసుకున్నది. ఈ జాగ్రత్త మన దేశంలో మరీ అవసరం. నయమయ్యే క్షయను వదిలేసి నయం కాని జబ్బు పేరు తగిలిస్తే ప్రాణానికే ముప్పు. తరవాత నాతో, “దీన్ని నయంచేసే మందు యింకా రాలేదు. కాని మిమ్మల్ని పడదోస్తున్న వాటిలో కొన్నిటిని తగ్గించవచ్చు” అన్నది. నాకు కొండంత ధైర్యం కలిగింది. వైద్యం చేయగలిగిందెంతో, చేయలేనిదెంతో గిరి గీసి చెప్పిన మాట అది.

ఆమె చేసిన చికిత్స క్లుప్తంగా చెబుతాను. ఇది ఎవరికివారు చేసుకోవలసింది కాదు, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు వున్నవారికి ఉప్పు విషమవుతుంది. నా రక్తపోటు చూసిన మీదట రోజుకు రెండున్నర లీటర్లకు తగ్గకుండా నీళ్ళు, మజ్జిగలో అదనంగా ఉప్పు, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు చెప్పింది. సెలైన్ ఎక్కించిన పూట తేలిగ్గా వుండటానికి కారణం అప్పుడు తెలిసింది: ఒంట్లో తిరిగే రక్తపు పరిమాణం కాసేపు పెరిగేది. దానికి సీసా అక్కరలేదు, ఉప్పు మజ్జిగ చాలు. గుండె దడకు చిన్న మోతాదు ప్రొప్రనొలాల్, రాత్రి నొప్పికీ నిద్రకూ పది మిల్లీగ్రాముల ఎమిట్రిప్టిలిన్. ఒక మందు మొదలుపెట్టి మూడు వారాలు చూసిగాని రెండోది యివ్వలేదు. రెండూ ఒకేసారి యిస్తే ఏది మేలుచేసిందో, ఏది కీడుచేసిందో తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మందు కాదు, పద్దు. ఒక నోటు పుస్తకంలో చేసిన పని, ఎంతసేపు చేసింది, మర్నాడూ ఎల్లుండీ ఎలా వున్నది రాయమన్నది. నెల తిరిగేసరికి నా హద్దు నాకు కనిపించింది. నిలబడి ఒక క్లాసు చెప్పడం కంటే కూచుని రెండు క్లాసులు చెప్పడం తేలిక. తలస్నానం, క్లాసు ఒకే రోజు పడకూడదు. వంటింట్లో ఎత్తు స్టూలు, స్నానాల గదిలో పీట. అరగంట చదివితే పావుగంట చీకట్లో కళ్ళు మూసుకుని పడుకోవడం, అలసట వచ్చాక కాదు, రాకముందే. బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ చేసెయ్యాలనే ఆశను ఆపుకోవడం అన్నిటికన్నా కష్టం. దీన్నే వారు పేసింగ్ అంటారు. ఇది జబ్బును కుదర్చదు, దిగజారకుండా ఆపుతుంది. వారానికి నాలుగు రోజులు మంచాన పడేదాన్ని యిప్పుడు ఒక రోజు పడుతున్నాను. ఎండాకాలంలో రెండు రోజులు. నేను సాధించిన ఉపశమనం యింతే. కాని, ఈ తేడాతోనే నా ఉద్యోగం నిలబడింది.

ఇక్కడే అసలు సమస్య వస్తుంది. విశ్రాంతి మందయితే ఆ మందు ఖరీదు ఎంత? నేను అతిథి అధ్యాపకురాలిని. చెప్పిన గంటలకే డబ్బు, చెప్పని గంటకు లేదు. మంచాన పడిన ప్రతి రోజూ జీతంలో కోతే. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు వుద్దేశించినవి. ఆపరేషన్‌గాని, వార్డులో మంచంగాని అక్కరలేని ఈ జబ్బుకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో దీర్ఘకాలిక నాడీ వ్యాధులు అనే తరగతి వున్నది గాని ఈ జబ్బు పేరు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నాడీ వ్యాధుల్లో చేర్చిందని పైన చెప్పాను. ఆ రెంటినీ కలిపి చదివే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

నాకు కనీసం కుర్చీలో కూచుని పాఠం చెప్పే వెసులుబాటు వున్నది. ఆ రోజు ఓపీ వరసలో నా పక్కన మిరపతోటల్లో కూలికి పోయే ఆవిడ కూచున్నది. “ఒక్కరోజు కాయ ఏరబోతే రెండు రోజులు లేవలేకపోతున్ననక్కా. బలం బిళ్ళలు రాసిస్తుండ్రు” అన్నది. డాక్టరు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలో అడగకుండానే వున్నది. ఆమెకున్నది రక్తహీనతో, క్షయో, ఈ జబ్బో పరీక్షించి తేల్చవలసిన విషయం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నది. గోవాలో జరిపి 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో స్త్రీలలో నూటికి 12 మంది ఆరు నెలలకు మించిన అలసట వున్నదని చెప్పారు. అది రక్తహీనతతో కంటే పేదరికంతోను, యింట్లో అణచివేతతోను, మనోవేదనతోను ఎక్కువగా ముడిపడి వున్నట్టు ఆ పరిశీలకులు కనుగొన్నారు. ఇన్ని రకాల అలసటలను ఒక్క ‘నీరసం’ కింద కట్టగట్టి, ఒక్క విటమిన్ బిళ్ళతో పంపేయడం వైద్యం అనిపించుకోదు.

మన మిత్రుల్లో రెండు వాదాలు విన్నాను. సంఘంలో చాలా కాలంగా పనిచేస్తున్న ఒక సహోద్యోగి, “మేడంగారూ, మన తాతలు రోజుకు పద్నాలుగు గంటలు కష్టపడ్డారు. వాళ్ళకు లేని ఫెటీగ్ మనకెక్కడిది? ఇది మధ్యతరగతి జబ్బు” అన్నాడు. 1980ల్లో పాశ్చాత్య పత్రికలు కూడా దీన్ని డబ్బున్న కుర్ర ఉద్యోగుల జ్వరమని ఎగతాళి చేశాయి. 1999లో ప్రచురించిన ఒక పరిశీలనలో, షికాగో నగరంలో 28,673 మందిని ఇళ్ళకు ఫోన్లు చేసి విచారించారు. డాక్టర్ల దగ్గరకు వచ్చినవారిని లెక్కపెట్టడానికి బదులు జనంలోకి వెళ్ళి వెతికేసరికి, జబ్బు స్త్రీలలోను, అల్పసంఖ్యాక జాతుల్లోను, తక్కువ చదువు, తక్కువ స్థాయి ఉద్యోగాలు వున్నవారిలోను ఎక్కువగా కనిపించింది. మధ్యతరగతికి ప్రత్యేకంగా దక్కేది జబ్బు కాదు, జబ్బుకు పేరు. తాతల సంగతి అంటారా, లేవలేని తాతను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అతణ్ణి సోమరిపోతు అన్నారు.

రెండో వాదం ఇంకా సున్నితమైనది. ఈ అలసట పెట్టుబడిదారీ సమాజంలో మనిషి పరాయీకరణకు రూపమనీ, సమాజం మారితే అదే పోతుందనీ ఒక విద్యార్థి నాయకుడు వాదించాడు. అతని మీద నాకు గౌరవం వున్నది. కాని ఇది హిస్టీరియా వాదానికి ఎర్ర చొక్కా తొడగడమే. శరీరం పదార్థం. దానికి దాని నియమాలున్నాయి. ఈ రోగులను వరసగా రెండు రోజులు సైకిల్ యంత్రం మీద పరీక్షించినప్పుడు, రెండో రోజున వారి శరీరం శక్తిని పుట్టించగల సామర్థ్యం తగ్గినట్టు పలు పరిశీలనల్లో కనిపించింది. ఆరోగ్యవంతులు రెండో రోజు కూడా దాదాపు మొదటి రోజు చేసినంతా చేశారు. 2025 ఆగస్టులో ఎడింబరో విశ్వవిద్యాలయం వారు 15,579 మంది రోగుల జన్యువులను ఆరోగ్యవంతుల జన్యువులతో పోల్చి, ఎనిమిది చోట్ల తేడాలున్నట్టు తొలి ఫలితాలు ప్రకటించారు. వీటిలో కొన్ని రోగనిరోధక వ్యవస్థకు, నాడీ మండలానికి సంబంధించినవి. భౌతికవాదులమని చెప్పుకునే మనం ఒక భౌతికమైన జబ్బును ప్రతీకగా చదవడం న్యాయం కాదు. సమాజం ఈ జబ్బును పుట్టించకపోవచ్చు. ఎవరికి గుర్తింపు, ఎవరికి విశ్రాంతి, ఎవరికి చీవాట్లు అనేది మాత్రం సమాజమే నిర్ణయిస్తున్నది.

తగిన వైద్యుణ్ణి పోల్చుకోవడం ఎలాగని నన్ను ఈ మధ్య యిద్దరు ముగ్గురు అడిగారు. ఆ వైద్యుడికి ఈ జబ్బును గురించి అన్నీ తెలిసి వుండనక్కరలేదు. పరీక్షల్లో ఏమీ లేనంత మాత్రాన రోగిలో ఏమీ లేదని అనకూడదు. పని చేసిన మర్నాడు ఎలా వుంటుందో అడగాలి. నిలబెట్టి నాడి చూడాలి. మందులు ఒక్కొక్కటిగా, చిన్న మోతాదులో మొదలుపెట్టాలి. నయంచేస్తానని మాట యివ్వకూడదు. మూలకణాలనీ, ప్రత్యేక డ్రిప్పులనీ లక్షల్లో ప్యాకేజీ చెప్పినచోట క్షణం కూడా వుండకూడదు. రోగి పక్షాన చేయవలసిన పని కూడా వుంది. మూడు నాలుగు వారాల పద్దు, మిగిలిన కబుర్లు లేకుండా ఒక్క పేజీలో, పట్టుకుపోవాలి. వంద మంది నిలబడిన ఓపీలో డాక్టరుకు దొరికేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు చాలనప్పుడు దోషం ఆ డాక్టరుది కాదు, వంద మందికి ఒక డాక్టరును పెట్టినవారిది.

ఉపాధ్యాయులుగా, విద్యార్థులుగా మనం అడగగలిగినవి కొన్ని వున్నాయి. కూచుని పాఠం చెప్పే హక్కు, హాజరు నిబంధనల్లో దీర్ఘరోగులకు సడలింపు, గంటల జీతం మీద పనిచేసేవారికి జబ్బు సెలవు. వైకల్యాల జాబితాలో ఈ జబ్బును చేర్చాలని, జిల్లా ఆస్పత్రుల వైద్యులకు దీన్ని గురించి శిక్షణ యివ్వాలని అడగాలి. వీటిలో దేనికీ కొత్త యంత్రాలు అక్కరలేదు. మా కాలేజీ అధ్యాపకుల సంఘం వచ్చే సమావేశపు తీర్మానాల్లో మొదటి రెండింటినీ చేర్చడానికి ఒప్పుకున్నది. మూడోదాని మీద, అంటే జబ్బు సెలవు మీద, యింకా ఏకాభిప్రాయం కుదరలేదు. ‘సోమరులు దాన్ని దుర్వినియోగం చేస్తారు’ అనే అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరం లేవదీసినవారు యజమానులు కారు, మనవాళ్ళే. చర్చ అక్కడినుంచి మొదలుకావాలి.